జమ్మి విల్లుకు దక్కిన శభాష్

దసరా నాడు మా వాడ జనమంతా పాలపిట్టను చూడటానికి ఊరి బయటికి పోతారు. ఆ ఏడు పాలపిట్ట కనబడలేదు గానీ నేను కనబడ్డాను. పాలపిట్ట కంటే ఎక్కువమందే చూశారు, ఫోన్లలో ఇప్పటికీ చూస్తున్నారు. వాళ్ల నోట వీళ్ల నోట విని సగం సగం నవ్వడమెందుకు? నా నోటనే విని నిండుగా నవ్వండి.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. లేకపోతే ఎంత ఎత్తు నుంచి పడ్డానో మీకు అంతుపట్టదు. సిద్దిపేటలో మాది తలుపులు, మంచాలు చేసే కార్ఖానా. కళ్లు మూసుకుని వాసన చూసి ఇది టేకు, ఇది వేప అని చెప్పగలను. అంతటి వాణ్ణి, కన్నతండ్రి, మా బాపు నోట ఒక్క శభాష్ అనిపించుకోలేకపోయాను! ఏది చేసి చూపించినా అటు తిప్పి, ఇటు తిప్పి, "ఉంది తియ్" అనేవాడు. ఆ మాట నన్ను చెదపురుగులా తొలిచేసేది.

అలాంటి రోజుల్లో ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎవరో గడ్డమాయన చెక్క పొరలను జిగురుతో ఒకదానిమీదొకటి అతికించి, మనిషంత పొడుగు విల్లు చేశాడు. నా చేతులు ఊరుకుంటాయా? దసరా నాడు జమ్మి పూజ దగ్గర, బాపు కళ్లెదుట అలాంటి విల్లు ఎక్కుపెడితే శభాష్ రాక ఎక్కడికి పోతుంది!

"ఏ కట్టెతోని చేస్తవు?" అని అడిగింది మా ఆవిడ స్వప్న.

"జమ్మితోని."

"జమ్మా? ఎందుకయ్యా?"

"పాండవులు ఆయుధాలు ఏ చెట్టు మీద పెట్టిన్రు? జమ్మి మీదనే గదా! ఊకెనే పెట్టిన్రా మరి?"

"కంక బొంగు పెట్టరాదు? వెదురైతే మంచిగ వంగుతది."

"బొంగా! దాంతోని పాడె కడ్తరు. అర్జునుని విల్లుకు పాడె కట్టె పెడ్తనా?"

స్వప్న నా వైపు ఒక చూపు చూసి వంటింట్లోకి పోయింది. ఆ చూపుకు అర్థం దసరా నాడు తెలిసింది.

పచ్చని జమ్మిని నరికే పాపం మాత్రం నేను చేయలేదు సుమా! నారాయణరావుపేటలో మా అత్తగారి చేని గట్టున ఒక కొమ్మ గాలికి విరిగి ఎండి పడి ఉంది. దేవుడే పంపాడనుకున్నాను. పంపింది పొయ్యిలోకని నాకేం తెలుసు? కొమ్మంతా వంకర, జానెడుకో ముడి. ముడి ఉన్న చోట చెక్క వంగదు, విరుగుతుంది. మా వృత్తిలో పుట్టిన పసిపిల్లకైనా తెలిసిన సంగతి అది. అలాంటి కట్టెతో మంచం కోడు చేయమని ఎవరైనా వస్తే నేనే తిట్టి పంపేవాణ్ణి. కానీ కళ్ల ముందు అర్జునుడు నిలబడితే ముడులు కనబడతాయా?

దాన్ని పలుచగా కోసి, విల్లు లాగినప్పుడు బాగా సాగాల్సిన ముందువైపు పెట్టాను. నడుమ టేకు, లోపలివైపు చింత. అతికించడంలో మాత్రం ప్రాణం పెట్టాను. పొరకూ పొరకూ మధ్య వెంట్రుక దూరే సందు లేకుండా చిత్రిక పట్టి, జిగురు పూసి, క్లాంపులు బిగించి ఆరబెట్టాను.

ఇక బాణాలు. బరువు విల్లుకు బరువు బాణాలే ఉండాలని మద్ది కట్టెతో చేశాను. స్వప్న ఒకటి పట్టుకుపోయి చపాతీలు ఒత్తింది. "మంచిగున్నది, ఇంకోటి చెయ్యి" అంది. నేను చేసిన బాణాల్లో పనికొచ్చింది అదొక్కటే.

"ఒక్కసారి ఇంట్ల లాగి చూడరాదు?" అని కూడా అంది.

"పూజ కాకముందే ఆయుధం ఎక్కుపెడ్తరా ఎవరన్న?" అన్నాను.

దసరా సాయంత్రం రానే వచ్చింది. పూజకు నాటిన జమ్మి కొమ్మ చుట్టూ జనం. ఎదురుగా గురికి గడ్డిమోపు. కొత్త ధోతి కట్టుకుని కుర్చీలో బాపు. ఫోన్ పట్టుకుని మా బామ్మర్ది రమేశ్.

"బావా, జెర నవ్వు!"

"అర్జునుడు నవ్వుతడారా?" అని లాగాను. విల్లు కిర్రుమంది. జనం "ఓ" అన్నారు. బాపు కుర్చీలోంచి లేచాడు. "ఆపురా శంకర్, ఆపు!"

శభాష్‌కు ఇంకా కొంచెమే దూరం అనుకుని, ఇంకా లాగాను.

ఫట్!

విల్లు పైసగం ముడి దగ్గర విరిగి, ఎగిరి జమ్మి కొమ్మలో పడింది. నేను వెల్లకిలా పడ్డాను. మాటలు కోటలు దాటాయి గానీ, బాణం నా కాలి బొటనవేలు దాటక దాని మీదే పడింది. పాపం పడ్డాడే అని ఎవరైనా నన్ను లేపారనుకున్నారా? దసరా నాడు మాకు జమ్మి ఆకే బంగారం. విల్లు దెబ్బకు ఆకులు జలజల రాలితే, "బంగారం, బంగారం" అని అందరూ వాటి మీద పడ్డారు.

"బావా, మా అవ్వ బంగారం బీరువల దాస్తది. గట్లని బీరువ రేకుతోని నగలు చేస్తరా?" అన్నాడు రమేశ్.

బాపు మాత్రం నింపాదిగా పోయి విరిగిన ముక్క తెచ్చుకున్నాడు. పొరల మధ్య గోరు దూర్చి చూశాడు, దూరలేదు. పట్టి గుంజాడు, ఊడలేదు.

"గీ అతుకు నువ్వే ఏసినవారా?"

"నేనే బాపూ."

"కట్టె ఇరిగింది గని అతుకు ఇడువలే. నా చేతుల గూడ గింత మంచిగ పడలే. శభాష్ బిడ్డా!"

నాకు ఏడుపొచ్చింది. వేలు నొప్పికని జనం అనుకున్నారు, అనుకోనివ్వండి. కళ్లు తుడుచుకుని రమేశ్ కోసం చూశాను. వాడు ఫోన్ జేబులో పెట్టేసి ఆకులు ఏరుకుంటున్నాడు! నేను పడ్డది మొత్తం ఉంది, శభాష్ లేదు.

"బాపూ, ఇంకొక్కపారి అనవా? వీడియో తీస్తడు."

బాపు ముక్కను అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఉంది తియ్" అన్నాడు.

ఆ ముక్క ఇప్పుడు మా కార్ఖానా గుమ్మం మీద ఉంది. దాని సాక్షిగా, జమ్మి ఆకు చేతబట్టి చెబుతున్నాను: ఇక ఈ జన్మలో పురాణం చూసి కట్టె కోయను. విల్లు ముందువైపు కంక బొంగే పెడతాను. బాపు నోరు తెరిచి మూసేదాకా బామ్మర్దిని ఫోన్ దించనివ్వను.