కొబ్బరినీళ్ళు తాగిన హార్డ్ డిస్కు

ఆ పెళ్ళికి ముహూర్తం బాగానే కుదిరింది. వంటలు బాగానే కుదిరాయి. పెళ్ళికొడుకు కూడా, చూసినవాళ్ళు చెప్పినదాన్ని బట్టి, బాగానే కుదిరాడు. అంత చక్కని పెళ్ళిని సర్వనాశనం చేసింది నేను. అదీ పెళ్ళి జరిగిపోయి, పందిరి విప్పేసి, చుట్టాలంతా ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయాక. అయిపోయిన పెళ్ళిని చెడగొట్టడమంటే మాటలు కాదండీ, దానికి చదువు కావాలి. నాకు కంప్యూటర్ డిప్లొమా ఉంది.

అమలాపురంలో మా బాబాయి ఆదినారాయణ గారికి ఫొటో స్టూడియో ఉంది. చుట్టుపక్కల పెళ్ళయినా, ఓణీల ఫంక్షనయినా, గృహప్రవేశమయినా ఆయన కెమెరా ముందు జరగాల్సిందే. నేను చదువు ముగించి ఊరికే తిరుగుతుంటే మా పిన్ని జాలిపడి, "మన కుర్రోడే కదండీ, కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టండి" అంది. ఆయన కూర్చోబెట్టారు. నేను చెప్పబోయే సంగతి జరిగాక కొన్నాళ్ళపాటు పిన్నితో ఆయన మాట్లాడలేదు.

స్టూడియో కంప్యూటర్లో రెండు హార్డ్ డిస్కులు ఉండేవి. ఏ పెళ్ళి ఎందులో ఉందో వెతుక్కోవడం బాబాయికి మహా చిరాకు.

"ఒరేయ్ శ్రీనూ, ఒక్కో పెళ్ళీ ఇందులో ఉందో అందులో ఉందో దేవులాడుకోలేక చస్తున్నాన్రా. రెండూ కలిపేసి ఒకటే చెయ్యలేవేంటి?"

"ఎందుకు చెయ్యలేనండీ బాబాయ్! లాజికల్ వాల్యూమ్ అని ఉంటదండి. రెండు చేల మధ్యన గట్టు తీసేస్తే ఒకటే చేను అయిపోద్ది కదండీ, అలాగన్నమాట."

"దాంతో ఇబ్బందేం లేదు కదా?"

"ఇబ్బందేముందండీ!"

గట్టు తీసేశాక ఒక మూల వరద వస్తే చేను మొత్తం మునుగుతుందని, పుట్టిన దగ్గర్నుంచీ గోదావరి వరదలు చూస్తున్న నాకు తట్టాల్సింది. తట్టలేదు. లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, రెండు డిస్కులనూ కలిపేసి, ఆ పెద్ద నిల్వను చూసుకుని మురిసిపోయాను. దాని నకలు ఇంకోచోట పెట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

సరే, ఆ పెళ్ళి సంగతి. రాజోలు దగ్గర భవాని అనే అమ్మాయిది. తండ్రి లేడు. తల్లి సత్యవతి గారు కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తున్నారు. కూతురి పెళ్ళికి సెలవిస్తామన్న ఆ ఇంటివాళ్ళు తీరా సమయానికి కుదరదన్నారు. కన్యాదానానికి భవాని పిన్నీ బాబాయీ పీటల మీద కూర్చున్నారు. సత్యవతి గారికి ఫోన్లో వీడియో కాల్ పెట్టారు గానీ, ఆ ఫోను పట్టుకున్న మేనత్తకు ఏడుపు ఆగక చెయ్యి దించేయడంతో, తాళి కట్టే వేళ ఆ తల్లి కళ్ళారా చూసింది కల్యాణమండపం తివాచీ. కాబట్టి ఆవిడ ఆశంతా మా వీడియో మీదే. పక్కింటి సుబ్బలక్ష్మి గారు సెలవుకొచ్చి మళ్ళీ కువైట్ వెళ్తున్నారు. ఆవకాయ, పూతరేకులతోపాటు పెన్‌డ్రైవ్ కూడా ఆవిడ సంచిలో పంపాలని అనుకున్నారు.

కెమెరా కార్డుల్లోది కంప్యూటర్లోకి ఎక్కించి, కార్డులు తుడిచేసి తర్వాతి పెళ్ళికి పట్టుకుపోవడం మా పద్ధతి. శ్రావణం రద్దీలో ఎడిటింగ్ మొదలే కాలేదు. అంటే భవాని పెళ్ళి ఈ లోకంలో ఒక్కచోటే ఉంది. నేను గట్టు తీసేసిన చేలో.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు బాబాయి కెమెరాలకూ లైట్లకూ పసుపు కుంకుమ పెట్టి, కంప్యూటరు డబ్బా మీద కూడా ఓ బొట్టు పెట్టారు. అక్కడితో ఆగిపోతే ఇప్పుడు మీకు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. నాకు భక్తి పొంగింది.

"మూత మీద బొట్టు పెడితే ఏం లాభమండీ బాబాయ్? పని చేసేది లోపల డిస్కులు కదండీ!"

"అయితే ఏంచేద్దామంటావు?"

"మూత తీసేద్దామండి. ఆన్‌లోనే ఉంచుదామండి, యంత్రం మేలుకుని ఉండాలి కదండీ పూజకి."

ఆ రెండు మాటలకీ ఆయన తలూపడం నా దురదృష్టం. మూత తీశాను. డిస్కులకు తలో బొట్టు పెట్టాను. హారతిచ్చాను. ఇక కొబ్బరికాయ. మాది కోనసీమ. కాయలంటే కాయలు కావు, ఒక్కోదానిలో ఓ చెంబుడు నీళ్ళుంటాయి. బాబాయి తన తోటలోంచి ఏరి తెచ్చిన కాయను, కొట్టడానికి ఎదురుగా ఇంత గుమ్మం ఉండగా, ఆ ఇనుప డబ్బా అంచు మీదే టప్పున కొట్టాను. కాయ రెండు చెక్కలుగా అందంగా పగిలింది. నీళ్ళన్నీ లోపలికి పోయాయి.

చిటపటమంది. కాలిన వాసన వచ్చింది. తర్వాత టిక్కు, టిక్కు, టిక్కు అని శబ్దం.

"ఏంట్రా అది?" అన్నారు బాబాయి.

"డిస్కేనండి. తల కొట్టుకుంటున్నట్టుందండి."

"అది కాదెహే కొట్టుకోవాల్సింది, నేను!"

నేను గబగబా కరెంటు తీసేశాను. ప్రసాదం ఎవరూ తినలేదు.

మర్నాడు భవాని స్టూడియోకి వచ్చింది. కొత్త పెళ్ళికూతురు, మొహం నిండా సంతోషం.

"అమ్మకి పంపే వీడియో అయ్యిందాండీ? శుక్రవారం సుబ్బలక్ష్మి గారు బయల్దేరుతున్నారండి. అమ్మ రోజూ అదే అడుగుతుందండి. తాళి కట్టినప్పుడు నా మొహం ఎలా ఉందో చూడాలంటండి."

"ఆయ్, అయిపోయినట్టేనండి" అన్నాను.

బాబాయి నా వైపు చూసిన చూపు మీకు వర్ణించను. ఆ అమ్మాయి వెళ్ళాక ఆయన తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

"ఆ తల్లికి ఏం చెప్తావురా?" అన్నారు మెల్లిగా.

అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ వెనకే మొండితనమూ వచ్చింది. "ఆ పెళ్ళి బయటికి తీసిందాకా ఈ కుర్చీలోంచి లేవనండి" అన్నాను. భోజనానికీ స్నానానికీ మటుకు లేచాను, అది వేరే సంగతి.

టిక్కుమన్న డిస్కు ఒక్కటే తడిసింది. ముందు దాని కింద అంటుకుని ఉండే పచ్చ సర్క్యూట్ పలకను విప్పి, స్పిరిట్ ముంచిన మెత్తని బ్రష్‌తో కొబ్బరినీళ్ళ జిగురంతా తుడిచాను. ఆరబెట్టాను. రెండు కాళ్ళు మాడిపోయిన చిన్న భాగం ఒకటి ఉంటే, అలాంటిదే పాత డిస్కు మీదనుంచి తీయించి, టీవీ రిపేరు షాపులో అతికించుకొచ్చాను. డిస్కు తిరిగింది. మధ్యమధ్యలో టిక్కుమంటోంది గానీ, తిరిగింది! ఇక దాన్ని నమ్మడానికి లేదు. కొత్త డిస్కు తెచ్చి, తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేసి, మొరాయించిన ముక్కల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి బతిమాలే ప్రోగ్రాము పెట్టాను. అది బతిమాలుతుంటే నేను పక్కన కూర్చుని దణ్ణాలు పెట్టాను. నకలు దాదాపు మొత్తం వచ్చేసింది. ఆ సాయంత్రమే పాత డిస్కు ఇక లేవనని ఆగిపోయింది.

తర్వాత రెండు డిస్కులూ ఎక్కడ ఎలా అతుక్కున్నాయో చెప్పే పటం కావాలి. ఆ పటం నకలొకటి బాగున్న డిస్కు మొదట్లోనే దొరికింది. దాన్నిబట్టి కొత్త డిస్కుకు పాతదాని గుర్తింపు తగిలించి, రెండింటినీ మళ్ళీ కలిపాను. తెర మీద పాత నిల్వ పేరు కనపడగానే కుర్చీలోంచి ఎగిరాను.

"బాబాయ్! గట్టు మళ్ళీ తీసేసేనండి!"

"సంతోషించేంలే. పెళ్ళి కనపడిందా?"

పెళ్ళి కనపడలేదు. నిల్వ లేచింది గానీ, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే వరసలు దెబ్బతిన్నాయి. వాటిని సరిచేసే ప్రోగ్రాము వేరే ఉంది. బుద్ధున్నవాడెవడైనా ఇంకో నకలు తీసుకుని దాని మీద వేస్తాడు. నాకు శుక్రవారం తప్ప ఇంకేమీ కనపడలేదు. ఉన్న ఒక్కదాని మీదే వేశాను.

ఆ ప్రోగ్రాముకు ఒక గుణం ఉంది. ఏం చేయాలన్నా అడుగుతుంది. మాకు ఒక గుణం ఉంది. ఎవరేం అడిగినా ఆయ్ అంటాం. దారి అడిగినా ఆయ్, అప్పు అడిగినా ఆయ్, పక్కవాడి మీద ఫిర్యాదు చెప్పినా ఆయ్. ఎదుటివాణ్ణి కాదనడం మర్యాద కాదని పెంచారు మమ్మల్ని. ఇప్పుడు యంత్రం అడుగుతోంది: ఈ ఫైలుకు ఇల్లు కనపడటంలేదు, తీసి పక్కన పెట్టమంటారా? ఆయ్. ఈ గది పాడైంది, ఖాళీ చేయమంటారా? ఆయ్. ఈ లెక్క కుదరడంలేదు, దిద్దమంటారా? ఆయ్.

"ఏమడుగుతుందిరా అది?" అన్నారు బాబాయి.

"ఏదో అడుగుతుందండి. పాపం, మనల్ని అడక్కుండా ఏమీ చెయ్యట్లేదండి."

"చదివి చెప్పరా జవాబు!"

"అన్నీ మన మంచికేనండి."

ఎంతసేపటికీ ప్రశ్నలు ఆగవు. వేలు నొప్పెట్టింది. అవును అని చెప్పే మీట మీద బాబాయి స్టాప్లరు అడ్డంగా పెట్టి టీ తాగడానికి వెళ్ళాను. నేను వచ్చేసరికి నా తరఫున స్టాప్లరు అన్నిటికీ ఒప్పేసుకుంది.

తెరిచి చూస్తే ఫోల్డర్లన్నీ మాయం. పేర్లన్నీ మాయం. ఇల్లు లేని ఫైళ్ళన్నిటినీ ఒకేచోట కుప్పపోసి, వాటికి పేర్లకు బదులు అంకెలు తగిలించి పెట్టింది. బాబాయి నా భుజం మీదుగా తొంగిచూశారు.

"పేర్లేవిరా?"

"పేర్లు పోయేయండి. మనుషులు ఉన్నారండి."

ఆ కుప్పలో శ్రావణం పెళ్ళిళ్ళన్నీ కలిసి ఉన్నాయి. మీరెప్పుడైనా గమనించారో లేదో, వీడియోలో ఏ పెళ్ళి చూసినా ఒకటే పెళ్ళి. అదే పూల స్టేజీ, అదే పళ్ళెంలో అదే జీలకర్ర బెల్లం, భోజనాల దగ్గర కెమెరా చూసి విస్తరి వెనక్కి దాక్కునే అదే పెద్దాయన. భవాని పిన్ని చిలకపచ్చ చీర కట్టుకోవడం నా అదృష్టం. ఆ చీర కనపడ్డ ముక్కనల్లా పక్కకు తీశాను. ఒక్కో ముక్కా తెరుచుకుంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. తాళి కట్టే ముక్క దొరికినప్పుడు బాబాయి కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. భవాని తల దించుకుని నవ్వుతోంది.

అప్పటికే శుక్రవారం. సుబ్బలక్ష్మి గారి కారు బయట హారన్ కొడుతోంది.

"అయ్యిందా బాబూ? విమానం నాకోసం ఆగదండి!"

"ఆయ్, వచ్చే వచ్చేనండి!"

అంకెల వరసలో ముక్కలన్నీ గబగబా అతికించి, పెన్‌డ్రైవులోకి ఎక్కించి, పరుగెత్తుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ దాన్ని ఆవకాయ డబ్బా పక్కన భద్రంగా పెట్టుకున్నారు. కారు మలుపు తిరిగిందాకా విజయగర్వంతో రోడ్డు మీదే నిలబడ్డాను.

నాలుగు రోజులు పోయాక భవాని వచ్చింది, నేను తనకిచ్చిన కాపీ చూసుకుని. ఈసారి మొహం వేరేగా ఉంది.

"ఏవండీ శ్రీను గారూ, మా పెళ్ళి మీరు చూసేరాండీ?"

"ఆయ్, చూసేనండి."

"ముందు అప్పగింతలవుతున్నాయండి. నేను ఏడ్చుకుంటూ కారెక్కి వెళ్ళిపోయేనండి. తరవాత భోజనాలండి. అందరూ తిని చేతులు కడుక్కున్నాక నాకు తాళి కట్టేరండి. అప్పుడు పెళ్ళివారు ఊళ్ళోకి దిగేరండి. ఆఖర్న మా అరుగు మీద కూర్చోబెట్టి నలుగు పెట్టి పెళ్ళికూతుర్ని చేసేరండి. ఏంటండీ ఇది?"

బాబాయి కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ వీడియో అప్పటికే కువైట్ చేరిపోయింది. ఇన్నేళ్ళ కష్టం మీద ఆ తల్లికి మిగిలిన ఒక్క పెళ్ళిని తలకిందులుగా పంపించాను. యంత్రం వేసిన అంకెలు పెళ్ళి జరిగిన వరసలో ఉన్నాయో లేదో చూడనేలేదు. ముక్కలు వరసగా పేర్చి కొత్తది వెంటనే తయారు చేస్తానని ఒట్టేసి పంపించాను. ఆ వారమే చేశాను కూడా, ఒక్కో ముక్కా పూర్తిగా చూసి, నలుగుతో మొదలుపెట్టి అప్పగింతలతో ముగించి. పంపడానికి సత్యవతి గారి నంబరు తీసుకుని, గుండె గట్టి చేసుకుని ఫోన్ చేశాను.

"అమ్మా, అమలాపురం స్టూడియోనుంచి శ్రీనునండి. తప్పయిపోయిందండి. వరసంతా తిరగబడిందండి. సరిచేసింది పంపుతున్నానండి, పాతది తీసేయండి."



"తీసెయ్యనండి బాబూ," అన్నారావిడ. "కొత్తదీ పంపండి, ఉంటదిలే. కానీ నేను చూసుకునేది ఇదేనండి. పెళ్ళంటే ఎలాగూ ఆఖర్న పిల్ల వెళ్ళిపోద్దండి. అందరిళ్ళల్లోనూ అంతే కదండీ. మీ దాంట్లో మాత్రం ఏడ్చుకుంటూ వెళ్ళిన పిల్ల, ఆఖర్న మా అరుగు మీదకొచ్చి పసుపు రాయించుకుని నవ్వుతా కూర్చుందండి. అది చూసుకున్నాకే పనిలోకి వెళ్తున్నానండి రోజూ."

లోపల్నుంచి బాబాయి "ఏమందిరా?" అని అడిగితే ఫోను తీసుకెళ్ళి ఆయన చేతికే ఇచ్చాను.

పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నకలు లేకుండా రెండు డిస్కులను కలపను. తిరుగుతున్న యంత్రం ఎదుట కొబ్బరికాయ ఎత్తను. ప్రశ్న చదవకుండా స్టాప్లరు చేత జవాబు చెప్పించను. జరిగిన పెళ్ళి వరస ఇక జన్మలో మార్చను, దూరదేశంలో ఉన్న ఏ తల్లయినా నోరు తెరిచి అడిగితే తప్ప.