మస్తానమ్మ సగం టిక్కెట్టు

మొన్న గుంటూరులో సినిమాకి వెళ్తే, గేటు దగ్గరి కుర్రాడు నా ఫోను మీద ఎర్రటి వెలుతురు పడేశాడు. కీచుమంది. లోపలికి వెళ్లమన్నాడు. క్యూలో నిలబడే రోజులు పోయి క్యూఆర్ చూపించే రోజులొచ్చాయని నాకు తెలుసు గాని నా చేతికి తెలియదు. చిరిగిన సగం టిక్కెట్టు తిరిగిస్తాడని అది ఇంకా చాచే ఉంది. మా అమ్మాయి ఆ అరచేతిని చూసి, పాప్‌కార్న్ అడుగుతున్నాననుకుని నాలుగు గింజలు పెట్టింది.

ఇంటికొచ్చి బీరువాలోంచి పాత పర్సు తీశాను. అందులో వేలిగోరంత గులాబీరంగు కాగితం ముక్క. వాసన చూస్తే తుమ్మొచ్చింది. ఇన్నేళ్లకి మిరప ఘాటు నిలవదనీ, అది ఉత్త దుమ్మేననీ మా అమ్మాయి వాదన. కావచ్చు. మరి కళ్లలో నీళ్లెందుకు తిరిగాయి?

మస్తానమ్మ ప్రత్తిపాడులో మా పక్కింటావిడ, మిరపకోతలకు వెళ్లే ఆడవాళ్ల ముఠాకి పెద్ద. మా చేలో ఆఖరి కోత అయిన సాయంత్రం మా నాన్న ముఠా అంతటినీ ఊళ్లో హాలుకి పంపడం ఆనవాయితీ. డిగ్రీ చదువుతూ సెలవులకొచ్చిన నేను ఆ ఏడు సరదాపడి కోతలో దిగాను. కోసినదానికన్నా తొక్కిందే ఎక్కువని మస్తానమ్మ తేల్చింది. అయినా సినిమాకి రానిచ్చింది.

కోత చేతుల మంట సబ్బుకి లొంగదు. అందుకే హాలు మెట్ల మీద అందరినీ ఆపి హెచ్చరించింది. “ఏడుపొస్తే భుజానికి తుడుచుకోండే. చెయ్యి కంటికి పోయిందా, సినిమా కాదు, చుక్కలు కనపడతాయి.”

ఆ సినిమాలో ఒక తల్లి తప్పిపోయిన కొడుకు కోసం ఊరూరా తిరుగుతుంది. చివరికి ఒక ఇంటి ముందు ఆగి తలుపు తట్టింది. సరిగ్గా అప్పుడే, అందరికీ జాగ్రత్త చెప్పిన మస్తానమ్మే రెండు చేతులతో కళ్లు ఒత్తుకుంది. సోడా బండి దగ్గరికి నడిపించుకెళ్లి, మంట తగ్గేదాకా ఆమె కళ్లమీద నీళ్లు చల్లాను. అప్పటికి హాల్లోంచి జనం బయటికొస్తున్నారు. మర్నాటికి సినిమా మారిపోయింది. రీళ్ల పెట్టె ఏ ఊరు పోయిందో.

ముగింపు చెప్పడానికి ముఠా అంతా పోటీపడింది. ఆమె చెవులు మూసుకుంది. “చెప్పొద్దు. గేటు దగ్గర సగం చించి సగం నా చేతికే ఇచ్చాడు. మిగతా సగం నా కళ్లతోనే చూస్తా. చెప్పినోళ్లకి నా పక్క సాలులో చోటు లేదు.” ఆ సగం టిక్కెట్టు ఆమె రొంటిన దోపుకునే డబ్బుల చిక్కంలో చేరింది.

ఆ తర్వాత ఏటా కోతల్లో కథ తలుపు దాకా చెప్పి ఆపేది. తలుపు తీసిందెవరో కొత్తగా వచ్చినవాళ్లు ఊహించాలి. కొడుకని ఒకరు, కోడలని ఒకరు, అది ఉత్త ఖాళీ ఇల్లని ఇంకొకరు. వాదించుకుంటూనే సాళ్లు ముగించేవారు. నేనూ కాలేజీ నుంచి ఒక ముగింపు మోసుకొచ్చాను. ఆమె ఓపిగ్గా విని, “నీది మరీ చదువుకున్న ముగింపమ్మాయ్, ఎవరూ ఏడవరు,” అని కొట్టేసింది.

నేను టీచరునై, ఊరు మారి చాలాకాలమయ్యాక ఆ సినిమా ఫోనులో దొరికింది. మస్తానమ్మకి చూపు మసకబారుతోందని, ఆపరేషను చేసినా వస్తుందో రాదో అంటున్నారని అప్పటికే విన్నాను. ముగింపు చూడకుండా ఆపుకుని ప్రత్తిపాడు వెళ్లాను.

ఫోను ముందు పెడితే ఆమె చూడలేదు. చిక్కం విప్పి టిక్కెట్టు తీసింది.

“ముందు ఇది చించు.”

చించి ఒక ముక్క ఆమెకిచ్చాను, ఒకటి నేనుంచుకున్నాను.

“ఎక్కణ్ణించి పెట్టమంటావత్తా?”

“తలుపు దగ్గర్నించే. ముందుది చూశాగా.”

ఫోను కళ్లకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుంది. తలుపు తెరుచుకుంది. ఎవరు తీశారో నేను చెప్పను, ఆ సాలులో నా చోటు పోగొట్టుకోలేను. మస్తానమ్మ చేతులు మిరపకాయ ముట్టుకుని ఏళ్లయింది. అయినా ఫోను నాకిచ్చి, వాటిని ఒళ్లోనే ఉంచుకుని, మెడ వంచి భుజానికి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడావిడ లేదు. క్లాసులో నేను కథని ఏదో ఒక తలుపు దగ్గర ఆపేస్తే పిల్లలు తిట్టుకుంటూ ఇళ్లకు వెళ్తారు, మర్నాడు తలా ఒక ముగింపుతో వస్తారు. మొన్న గుంటూరు హాల్లో కూడా, తెర మీద ఎవరో ఎవరినో కలుసుకున్నప్పుడు మా అమ్మాయి నాకు టిష్యూ అందించబోయింది. అప్పటికే నేను భుజానికి తుడుచుకున్నాను.