మేబెల్ గారి బెంచీ మరమ్మత్తు

మేబెల్ గారు ఖాళీ చేతులతో ఉన్న మనిషిని చూసి ఊరుకోలేరు. ఆ మనిషి ఎవరన్నది ఆవిడకి అనవసరం. పిల్లల్ని దింపడానికి వచ్చిన తండ్రి కావచ్చు, ఉత్తరం తెచ్చిన పోస్టుమాను కావచ్చు, నీడ కోసం గోడ వారన నిలబడ్డ జట్కా అతను కావచ్చు. చేతిలో ఏమీ లేకపోతే చాలు, ఏదో ఒక పని పెట్టేస్తారు. సికింద్రాబాదు మోండా మార్కెట్టు వెనక మా చిన్న మిషన్ బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. ఐదు తరగతులకీ కలిపి టీచర్లం ముగ్గురమే. జీతం లేని పనివాళ్లు మాత్రం పిల్లలకి ఎంతమంది అమ్మానాన్నలుంటే అంతమంది.

నేను ఉద్యోగం కోసం వెళ్లిన రోజున మౌలాలి రైల్వే కాలనీ నుంచి మా నాన్న నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. మేబెల్ గారు పొట్టిగా, తెల్ల వాయిలు చీరలో ఉన్నారు. గుంటూరు వదిలి ఎన్నేళ్లయినా గుంటూరు గొంతు ఆవిడని వదల్లేదు. ఆ గొంతుతో, "మీరేం చేస్తారండీ?" అని అడిగారు. నన్ను కాదు, మా నాన్నని.

"రైల్వేలో గార్డునండీ."

"అయితే ఎత్తంటే భయముండదు."

గార్డుకీ ఎత్తుకీ సంబంధమేమిటో మా నాన్నకి అర్థమయ్యేలోపలే నిచ్చెన వచ్చేసింది. ఆయన పైకెక్కి పెంకులు సర్దుతుంటే కింద నాకు ఇంటర్వ్యూ జరిగింది. ఇంటికొచ్చాక మా అమ్మ ఆత్రంగా ఎదురొచ్చింది.

"పిల్లకి ఉద్యోగం ఇచ్చారా?"

"దాని సంగతి అడగడం మర్చిపోయాను. నన్ను మాత్రం వచ్చే శనివారం కూడా రమ్మన్నారు" అన్నారు మా నాన్న, చొక్కాకంటిన మట్టి దులుపుకుంటూ.

శనివారం మా బడికి అసలైన రోజు. మధ్యాహ్నం బడి వదిలే వేళకి మేబెల్ గారు గేటు పక్కన అరుగెక్కి 'ఈ వారం విశేషాలు' చెప్పేవారు. తండ్రులూ తల్లులూ నిలబడి వినాల్సిందే.

"మూడో తరగతి పదమూడో ఎక్కం దాకా వచ్చింది. సంతోషం. రెండో తరగతి లూకాకి ముందు పళ్లు రెండూ ఊడాయి. వాడు పద్యం చెప్పేటప్పుడు ఎవరూ నవ్వొద్దు. మంచినీళ్ల గోళెం కారుతోంది. ఎక్కాల సంగతి పిల్లలు చూసుకున్నారు, పళ్ల సంగతి దేవుడు చూసుకుంటాడు. గోళెం సంగతి ఎవరు చూస్తారు?"

అంతే, జనమంతా ఒక్కసారిగా ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టేవారు.

"పైన ఏముంది నాయనా? గోళెం ఇక్కడుంది" అనేవారు మేబెల్ గారు. ఎవరైనా నసిగితే ఆవిడ దగ్గర ఒకటే మాట. "పిల్లాడు మీవాడు. మరి బడి ఎవరిది?" దానికి జవాబు చెప్పి బయటపడ్డ మనిషిని నేను చూడలేదు.

తప్పించుకునే ఉపాయాలు వెతకని వాళ్లు లేరు. కొందరు పిల్లల్ని సందు మలుపులోనే వదిలి వెనక్కి పరిగెత్తేవారు. మోండాలో కూరగాయల దుకాణం నడిపే పర్వతాలైతే ఇంకా తెలివైన పని చేశాడు. ఖాళీ చేతులుంటేనే కదా తంటా అని, చంకకొక గుమ్మడికాయ చొప్పున రెండు కాయలు ఎత్తుకుని కొడుకుని దింపడానికి వచ్చాడు.

"భలే సమయానికి తెచ్చావు" అన్నారు మేబెల్ గారు. "నాలుగో తరగతికి ఇవాళ తూకాల లెక్కలు. కాయలు లోపల పెట్టు. తక్కెడ కూడా పట్రా. నువ్వే చెప్పు."

"నేనేంది, చెప్పుడేంది పెద్దమ్మా! నాకు చదువు రాదు గద."

"చదవమన్నానా? తూచమన్నాను."

ఆ పూటంతా పర్వతాలు పిల్లల చేత వీశెలూ సేర్లూ తూయించాడు. సాయంత్రం కాయలు వెనక్కి తీసుకెళ్లడానికి అతనికి మనసొప్పలేదు. వాటిని ముక్కలు కోసి పిల్లలకి పంచిపెట్టి, తక్కెడ భుజాన వేసుకుని వెళ్లాడు.

ఆవిడ చేతికి చిక్కని మనిషి ఒక్కరే ఉండేవారు. ఐదో తరగతి నూరున్నీసా తండ్రి గౌస్ మొహియుద్దీన్ సాహెబు. నిజాం సర్కారు దఫ్తరులో గుమాస్తా. నలగని షేర్వాణీ, ఎర్ర రూమీ టోపీ. గేటుకి ఇంకా దూరముండగానే నడుం వంచి "ఆదాబ్" అనేవారు. ఆ వంగడంలోని మర్యాదకి మేబెల్ గారు కూడా ఒక్క క్షణం మెత్తబడేవారు. ఆవిడ తేరుకుని చూసేసరికి సాహెబు సందు దాటిపోయేవారు.

"ఎప్పటికైనా ఈయన చేత సుత్తి పట్టించాలే అమ్మాయ్" అనేవారు నాతో.

అది నలభై ఎనిమిదో సంవత్సరం. వానాకాలం వచ్చేసరికి ఊళ్లో నవ్వులు తగ్గాయి. పల్లెల నుంచి రజాకార్ల కబుర్లు వచ్చేవి. కొన్ని కుటుంబాలు రైలెక్కి బెజవాడ వైపు వెళ్లిపోయాయి. తరగతుల్లో బెంచీలు పలచబడ్డాయి. సెప్టెంబరులో యూనియన్ సైన్యం కదిలిందని తెలిసి బడి మూసేశాం. కొద్ది రోజులకే అంతా ముగిసిందన్నారు. నిజాం లొంగిపోయాడు. మిలిటరీ లారీలు సికింద్రాబాదు వీధుల్లోకి వచ్చాయి.

బడి తెరిచిన రోజునే మా గేటు ముందు ఒక మిలిటరీ జీపు ఆగింది. లోపల ఒక కుర్ర ఆఫీసరు, ముగ్గురు జవాన్లు. దారి తప్పారట. బొల్లారం ఎటు పోవాలని ఆఫీసరు ఇంగ్లీషులో అడిగాడు. వీధివీధంతా తలుపులు మూసుకుని కిటికీ సందుల్లోంచి చూస్తోంది. మేబెల్ గారు ముందు జవాన్ల చేతులు చూశారు. తర్వాత మా వరండాలో అడ్డంగా ఉన్న టేకు బీరువా చూశారు. ఇంగ్లీషులోనే అన్నారు.

"చెప్తాను. ముందు ఆ బీరువా లోపల పెట్టండి."

ఆఫీసరు ఏమనుకున్నాడో ఏమో, టోపీ తీసి జీపులో పెట్టి తనే ఒక మూల పట్టుకున్నాడు. బీరువా లోపలికి వెళ్లాకే ఆవిడ బొల్లారం దారి చెప్పారు. జీపు కదలగానే ఎదురింటి తలుపు తెరుచుకుంది. మర్నాటికి సగంమంది పిల్లలు బడికొచ్చారు. ఫౌజు చేత కూడా పని చేయించిన మనిషి ఉన్నచోట భయమేముందని తల్లులు అనుకున్నారట.

నూరున్నీసా మాత్రం రాలేదు. ఒక వారం చూసి మేబెల్ గారు నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి బయలుదేరారు. తలుపు చాలాసేపటికి తెరుచుకుంది. సాహెబుని నేను పోల్చుకోలేకపోయాను. మాసిన కుర్తా, పెరిగిన గడ్డం. దఫ్తరుకి రావద్దని, ఇంట్లోనే ఉండమని హుకుం వచ్చిందట. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో తెలియదు. గదిలో ఒక పెట్టె సగం సర్ది ఉంది. బావమరిది కరాచీ వెళ్తూ వీళ్లనీ రమ్మంటున్నాడని పరదా వెనక నుంచి బేగం చెప్పింది.

మేబెల్ గారు పెట్టె చూశారు, కరాచీ మాట విన్నారు. సాహెబు వైపు తిరిగారు.

"మీ అమ్మాయి కూర్చునే బెంచీ విరిగింది. శనివారం వచ్చి బాగుచెయ్యండి."

సాహెబు నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. "అమ్మా, నాతోని ఏం పని అయితది? నాకు కలం పట్టుడు తప్ప ఏం రాదు. బయటికి వస్తే నా మొహం చూసి జనం పరేషాన్ అయితరు."

"మీ మొహంతో నాకు పనిలేదు. చేతులు చాలు" అని మేబెల్ గారు వెనక్కి తిరిగారు.

శనివారం సాహెబు వచ్చారు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ షేర్వాణీ వేసుకుని, బెంచీ బాగుచెయ్యడానికి కాదు, దర్బారుకి వెళ్తున్నట్టు వచ్చారు. వరండాలో విరిగిన బెంచీ ఉంది. దాని పక్కన పర్వతాలు ఉన్నాడు. అతన్నీ ఆవిడే పిలిచారు.

సాహెబుని చూడగానే పర్వతాలు లేచి నిలబడ్డాడు. "ఈయనతోని నేను చెయ్య పెద్దమ్మా. ఊళ్ల రజాకార్లు మా తమ్ముని ఇల్లు కాలవెట్టిండ్రు. నీకు ఎరకే గద."

సాహెబు తల దించుకుని గేటు వైపు తిరిగారు.

"పర్వతాలూ, ఆ ఇల్లు ఈయన కాల్చాడా?"

పర్వతాలు వంగి విరిగిన బెంచీ కాలు అటూ ఇటూ తిప్పాడు. "ఈయన గాదు" అన్నాడు చివరికి.

"అయితే బెంచీ కాలు నువ్వు పట్టుకో. మేకు ఆయన కొడతారు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సాహెబు సుత్తిని కలం పట్టుకున్నట్టు మూడు వేళ్లతో పట్టుకున్నారు. మొదటి దెబ్బ బెంచీకి తగిలింది. రెండోది గాలికి తగిలింది. మూడోది ఆయన బొటనవేలికే తగిలింది. ఇక తిట్లు వినాలనుకుని నేను చెవులు మూసుకోబోయాను. సాహెబు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా వేలు నోట్లో పెట్టుకుని, మేకు వైపు చూసి, అతిథిని లోపలికి దయచెయ్యమని వేడుకున్నట్టు మెల్లగా అన్నారు.

"హుజూర్, మెహర్బానీ చేసి జర అందర్ తష్రీఫ్ లేజాయియే."

పర్వతాలు మొహం బిగించుకుని కూర్చున్నాడు. కాసేపే. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత మోండా దాకా వినిపించేటట్టు నవ్వు బయటికొచ్చింది.

"ఏందయ్యా సాబ్! మొలను సుత దండం పెట్టి పిలుస్తవా? ఇటియ్యి సుత్తి. అది గట్ల మాట వినదు, నెత్తి మీద ఒక్కటెయ్యాలె."

ఆ సోమవారం నూరున్నీసా బడికొచ్చింది.

ఆ తర్వాత మా బడిలో వస్తువులు విరగడం మొదలైంది. వచ్చే శనివారానికి అదే బెంచీ మళ్లీ విరిగింది. ఆ పై వారం కిటికీ రెక్క ఊడింది. ఆపైన నల్లబల్ల స్టాండు. మళ్లీ బెంచీ. ప్రతిదానికీ ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది. ఆ ఇద్దరూ వీళ్లే. సాహెబుకి పని చేతకాక ఊడిపోతున్నాయని నేను అనుకున్నాను. పని నడుస్తుంటే కబుర్లు నడిచేవి. మోండా వర్తకులకి సర్కారు కాగితాలు ఉర్దూలో రాసిపెట్టే మనిషి కావాలని తెలిసి, పర్వతాలు తన దుకాణం మూల ఒక స్టూలు వేసి సాహెబుని కూర్చోబెట్టాడు. చలికాలంలో బావమరిది వచ్చి ప్రయాణం ఎప్పుడని అడిగితే సాహెబు, "బడిల నా పని ఖతం కాలే" అన్నారట. బేగమే పెట్టె తెరిచి బట్టలు తీసి దండెం మీద వేసిందట.

ఒక శుక్రవారం సాయంత్రం బడి వదిలి సగం దూరం వెళ్లాక గొడుగు మర్చిపోయానని వెనక్కి వచ్చాను. ఐదో తరగతి గదిలో ఏదో కిర్రుమంటోంది. తొంగి చూస్తే మేబెల్ గారు నేల మీద కూర్చుని, ఒక కాలు బెంచీకి తన్నిపెట్టి, రెండు చేతులా పట్కారు పట్టుకుని మేకు లాగుతున్నారు. కొప్పు ఊడిపోయింది. మొహమంతా చెమట.

"అయ్యో! ఏం చేస్తున్నారండీ?"

ఆవిడ ఏమాత్రం తడబడలేదు. "పర్వతాలు ఈసారి మరీ గట్టిగా కొట్టి చచ్చాడు. రావడంలేదు."

"అంటే ఇన్నాళ్లూ మీరే..."

"మరి వాటంతట అవే విరుగుతాయిటే, టేకు బెంచీలు?" మేబెల్ గారు ఊపిరి తీసుకున్నారు. "తెల్లారి లేస్తే వెళ్లడానికి చోటులేని మనిషి ఇంట్లో కూర్చుని ఏం ఆలోచిస్తాడు? ఊరొదిలి పోదామనే ఆలోచిస్తాడు. శనివారం పనుందంటే శుక్రవారమే గడ్డం గీసుకుంటాడు. పర్వతాలు మాత్రం? కోపం మింగుకుని కూర్చుంటే మంచివాడు కాస్తా పాడైపోడూ? సరే, కబుర్లు తర్వాత. ఆ కొస పట్టుకో. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి లాగితే గానీ మేకు రాలేదు. లాగేటప్పుడు గీసుకుని ఆవిడ అరచేయి ఎర్రగా కమిలింది.

మర్నాడు శనివారం. విశేషాలు చెప్పే వంతు రాగానే మేబెల్ గారు అరుగెక్కి, "ఐదో తరగతి బెంచీ మళ్లీ విరిగింది. ఏం కర్రో ఏమో!" అని నిట్టూర్చారు. నేను తల వంచుకుని నవ్వు దాచుకున్నాను. పర్వతాలు, సాహెబు మారు మాట్లాడకుండా సుత్తి అందుకుని వరండాలోకి నడిచారు.

కాసేపటికి మంచినీళ్లిద్దామని అటు వెళ్లాను. సాహెబు ఇప్పుడు సుత్తి సుత్తిలాగే పట్టుకుంటున్నారు, దెబ్బ కూడా సూటిగా పడుతోంది. కానీ మేకు సగం దిగగానే ఆపేసి ఇంకో మేకు అందుకుంటున్నారు.

"అదేమిటండీ, పూర్తిగా కొట్టరా?" అన్నాను.

సాహెబు గేటు వైపు చూసి, మేబెల్ గారు దూరంగానే ఉన్నారని రూఢి చేసుకుని, గొంతు తగ్గించారు. "పోయిన నెల పర్వతాల్ భాయ్ బండి తోలుకుంట పోతుంటే కిటికీ లోపల ఆమె కనవడ్డదంట. మేకు గుంజుతున్నదంట, పాపం."

"మరి మీరిద్దరూ ఏమీ అడగలేదా?"

"అడిగితే పని బంద్ అయితది కదమ్మా."

ఇంతలో మేబెల్ గారు ఇటే వస్తూ కనిపించారు. పర్వతాలు గబగబా బెంచీ కాలు బిగించి పట్టుకుని, సాహెబుని మోచేత్తో పొడిచాడు.

"జెర మెల్లగ కొట్టు సాబ్. పోయినసారి నేను యాది మరిచి గట్టిగ కొడితే పెద్దమ్మ చెయ్యి ఎట్ల కమిలిందో సూడు. మల్ల శుక్రారం ఆమెనే గుంజాలె."