శేఖరన్న ఉప్పుమూటలు

ఆగస్టు 14. పొద్దున తలుపు తీసేసరికి గడప ముందు మా వీధి మునెమ్మత్త... పూతలపట్టు కూడలిలో ఆగే బస్సుల దగ్గర ఉడికించిన చెనక్కాయలు అమ్మే మనిషి, ఆ వేళప్పుడు బుట్ట లేకుండా కనిపించడమే వింత. చంకలో ఒక ఫైలు.

"పాపా, నువ్వు తిరుపతిలో తెలుగు సదువుతుండావు గదా. దీన్ని నాకర్థమయ్యేట్టు రాసియ్యి. రేపు బళ్ళో జెండా నన్నే ఎగరెయ్యమన్నారు. వాడి గురించి రొండు మాటలు సెప్పాలంట. నా కొడుకేం సేసినాడో నాకే సరిగ్గా తెలీదే..."

ఫైల్లో వాళ్ళబ్బాయి శేఖరన్న ప్రశంసాపత్రం. అన్న సరిహద్దులో పోయాక, ఢిల్లీలో పతకంతో పాటు అత్త చేతికిచ్చారు. ఆ రోజు దాన్ని హిందీలో, ఇంగ్లీషులో చదివారట. అందరూ చప్పట్లు కొడుతుంటే అత్త చేతులు జోడించి నిలబడింది. ఇంటికొచ్చి పెట్టెలో అన్న చొక్కాల కింద దాచేసింది.

"ఇన్నాళ్ళూ ఎవర్నీ అడగలేదేం అత్తా?"

"సదివితే వాడు సచ్చిపోయే మాట గూడా వస్తాది గదా పాపా."

మా చిన్నప్పుడు... శేఖరన్న పట్టాళంలో చేరాలని రోజూ తెల్లవారుతుండగానే మామిడితోపు దాకా పరుగెత్తేవాడు. బరువు మోయడం అలవాటు కావాలని గోనెసంచిలో ఇసుక నింపి వీపున కట్టుకున్నాడు. రెండో రోజే సంచి చిరిగి ఇసుకంతా దారిలో కారిపోయింది... మూడో రోజు నుంచి ఇసుకకు బదులు నేను.

పావడా సర్దుకొని, మెడ చుట్టూ చేతులు వేస్తే చాలు... ఉప్పుమూట. నా తర్వాత మా తమ్ముడు. వాడు తేలికని జేబుల నిండా కంకరరాళ్ళు వేసుకొనేవాడు.

"ఉప్పుమూటా, నిద్దరపోతుండావా? సేతులు గట్టిగా పట్టుకో. జారితే మీ నాయన నన్ను తంతాడు" అనేవాడు అన్న, ఆయాసపడుతూనే.

ఇంటి దగ్గర దించాక అత్త మాకు వేడివేడి చెనక్కాయలు, అన్నకు రాగి అంబలి ఇచ్చేది. "మోసినోడికి అంబలి, ఎక్కినోళ్ళకు చెనక్కాయలా?" అని అన్న అలిగేవాడు.

ఈ రోజు మధ్యాహ్నమంతా కూర్చొని రాశాను. అసమాన శౌర్యపరాక్రమాలు... ప్రాణాలను తృణప్రాయంగా... ఈ మధ్య పెద్ద పెద్ద మాటలంటే నాకు మోజు కదా. మురిసిపోతూ అమ్మకు చదివి వినిపించాను.

అమ్మ చింతపండులో గింజలు తీస్తూ విన్నది. "మునెమ్మకు దీనికన్నా ఇంగ్లీషే మేలు. వాడేం సేసినాడో అది సెప్పు."

మళ్ళీ ఆ కాగితం తీశాను. గాయపడిన ఇద్దరు తోటి సైనికులను, తూటాలు కురుస్తుండగా, ఒకరి తర్వాత ఒకరిని వీపున మోసుకొని కొండ దిగువకు చేర్చి బతికించాడని ఉంది. మూడో మనిషి కోసం మళ్ళీ పైకి వెళ్ళాడని ఉంది...

పెన్ను ఆగిపోయింది. తోపు దారి కళ్ళముందుకొచ్చింది. వాళ్ళతో కూడా చేతులు గట్టిగా పట్టుకోమనే చెప్పి ఉంటాడు...

రాసింది చించేసి మళ్ళీ మొదలుపెట్టాను. "అత్తా, అన్న ఇద్దరిని ఉప్పుమూట ఎక్కించుకొని మోసినాడు. ఇద్దరూ బతికినారు."

ఇప్పుడు మా వీధి పిల్లలు బడికి వ్యాన్లో పోతున్నారు. తోపు దారిలో ఉప్పుమూటలు కనిపించి చాలా కాలమైంది... మిమ్మల్ని వీపున మోసినవాళ్ళు గుర్తున్నారా? వాళ్ళ పేర్లు కింద రాయండి. నేను అన్నీ చదువుతాను.

రేపు ఆరింటికే అత్త ఇంటికి వెళ్తాను. బడికి బయలుదేరకముందే పక్కన కూర్చొని, అత్త కోసం రాసింది చదివి వినిపిస్తాను. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి పట్టుకుంటాను... గట్టిగా.