ఏసోబు మేస్త్రి నేర్పిన అరుపు

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. నరసరావుపేటలో మేడ మీద గదిలో ఒంటరిగా ఉంటూ, తోచక, నాలుగు చక్రాల చిన్న రోబో ఒకటి తయారుచేశాను. ఫోన్‌లోని వాయిస్ అసిస్టెంట్‌తో దాన్ని కలిపాను. "ముందుకు" అంటే కదులుతుంది, "ఆపు" అంటే ఆగుతుంది. నా సొత్తు నా మాటే వినాలన్న పెద్దరికంతో, నా గొంతు తప్ప ఇంకెవరి గొంతూ పనిచేయకుండా కట్టుదిట్టం చేశాను. నా గదికి ఎవరొస్తారని అంత కాపలా పెట్టానో నాకే తెలియదు. మొన్నామధ్య జలుబు చేసింది. "ముందుకు" అన్నంతవరకు ఎలాగో విన్నది. "ఆపు" అనేసరికి గొంతు బొంగురుపోయింది. ఆ పలికేది ఎవరో దానికి తెలియలేదు. బీరువాను గుద్దుకుని అక్కడే చక్రాలు తిప్పుతూ ఉండిపోయింది. నేను కప్పలా బెకబెకమంటున్నాను. వంగి చేత్తో స్విచ్ కట్టేయొచ్చని తట్టేసరికి గదంతా కాలిన రబ్బరు వాసన.

ఏసోబు మేస్త్రి క్రేన్ బ్రేకు తొక్కినప్పుడల్లా అచ్చం అదే వాసన వచ్చేది. మాచర్ల దగ్గర నాపరాళ్ల యార్డులో ఆయన క్రేన్ నడిపేవాడు. నేను డిప్లమా చేతబట్టుకుని కొత్తగా చేరిన సూపర్‌వైజర్ని. పలకల యార్డులో పలకని మనిషినని నాకు పేరు. మొదటిరోజే ఆయన తన కట్టుబాటు చెప్పాడు. "ఇనుకో అయ్యా. రాయి ఎత్తటానికి ఒక్కడి మాటే ఇంటా. ఆపటానికి మాత్రం ఎవుడి మాటైనా ఇంటా. చీపురు పట్టుకున్న ఆడమనిషి ఆపన్నా ఆపుతా."

ఓ మధ్యాహ్నం పలకల కట్టకు వేసిన గొలుసు ఒక పక్కకు జారుతోంది. నేను చూశాను. ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషికి నేను చెప్పేదేమిటి, పదిమందిలో తప్పయితే నవ్వరా అని నోరు నొక్కుకున్నాను. కట్ట జారి క్రేన్ మీదికే ఒరిగింది. ఒక పలక మేస్త్రి కుడికాలి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి.

ఆసుపత్రిలో మంచం పక్కన తల దించుకుని నిలబడ్డాను.

"గొలుసు జారటం చూశావా?"

"చూశాను మేస్త్రీ."

"మరి అరవలేదేంది?"

"మీకు తెలియదా అనుకున్నాను."

"నాకేమన్నా నాలుగు పక్కలా కళ్ళున్నయ్యా? ఏందయ్యా, మీ డిప్లమాలో అరవటం చెప్పలా?"

అంతే. ఆయన ఇంకెవరితోనూ ఆ మాట అనలేదు. యజమానికి కూడా చెప్పలేదు. కానీ కుంటుకుంటూ తిరిగొచ్చిన రోజునుంచి ఓ శిక్ష వేశాడు. పొద్దున్నే నేను యార్డు మధ్యలో నిలబడి మూడుసార్లు "ఆపు" అని అరిస్తేగాని క్రేన్ స్టార్ట్ చేసేవాడు కాదు. రాళ్లు కోసే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. "ఇంకా గట్టిగా! నాకే ఇనపళ్ళా, క్రేనుకేం ఇనపడుద్ది?" అనేవాడు. ఉన్న ఆరేళ్లూ అరిపించాడు. తర్వాత రెండుసార్లు నా అరుపుకు క్రేన్ ఆగింది. రెండుసార్లూ కింద మనిషి ఉన్నాడు.

నేను ఆ ఉద్యోగం వదిలాక ఆయన్ని చూడలేదు. పోయాడని తెలిసేసరికి నెల దాటింది. అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. అనాల్సిన మాట మింగేసే జబ్బు నాకు పూర్తిగా నయం కాలేదన్నమాట. ఇప్పుడు రోజంతటిలో నా గొంతుకు పని కల్పించేది ఆ నాలుగు చక్రాల బొమ్మొక్కటే.

గొంతు బాగుపడగానే కాపలా తీసేశాను. "ముందుకు" మాత్రం నేనే అనాలి. "ఆపు" ఎవరైనా అనొచ్చు. వారం తిరక్కుండానే కింది వాటా శౌరమ్మ మెట్లెక్కి వచ్చింది. "ఏంది అన్నా ఈ గరగర! ఆపు!" రోబో ఠక్కున ఆగింది. ఆమె బిత్తరపోయింది. "నా మాట కూడా ఇంటదా ఇది?" అని గడపలోనే కూర్చుని మరో రెండుసార్లు ఆపించి చూసింది. ఆ గదిలో నాది కాని గొంతు వినపడి ఎన్నాళ్లయిందో.

ఇక పగ తీర్చుకోవడం ఒకటి మిగిలింది. ఆ రోబోకు మేస్త్రి అని పేరు పెట్టాను. పొద్దున్నే కాఫీకి ముందు దాన్ని గది మధ్యకు నడిపించి, మూడుసార్లు "మేస్త్రీ, ఆపు!" అని అరుస్తాను. మూడుసార్లూ మారుమాట్లాడకుండా ఆగుతాడు. మూడోది కాస్త గట్టిగానే అరుస్తాను. "ఇనపడింది అన్నా!" అని కిందినుంచి శౌరమ్మ కేకేస్తుంది.