తలుపు మీద 'రేపు రా'

ఆ రోజుల్లో దేశాన్ని బాగుచేయడం మాకు ఆదివారం తలంటుకున్నంత తేలికగా కనిపించేది. నేను కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాను. దేశమంతటా కాలేజీల్లో శాఖలున్న ఆడపిల్లల సేవాసంఘం ఒకటి మా కాలేజీకీ వచ్చింది. చేరినవాళ్లు నీలం అంచు తెల్లచీర కట్టాలి, చిన్నాపెద్దా లేకుండా ఒకరినొకరు అక్కా అనుకోవాలి. ఊళ్లలో ఏ ఆడమనిషినైనా ఫలానావాళ్ల కోడలా అనకుండా సొంత పేరుతో పిలవాలి. దీపం ముందు చెయ్యి చాపి, 'మూసిన తలుపు ముందునుంచి వెనక్కి తిరిగి రాను' అని ప్రమాణం చేయాలి. (మా బాపు అది విని, "గట్లయితే ఇంటికెప్పుడొస్తవ్ బిడ్డా" అన్నాడు.)

ఆ చలికాలం మా శిబిరం నాగిరెడ్డిపేట దగ్గర, పోచారం చెరువు నీళ్ల కింద వరి పండే ఒక చిన్న ఊళ్లో పడింది. పొద్దున మురుగు కాలువలు తీయడం, మధ్యాహ్నం ఆడవాళ్లకు అక్షరాలు చెప్పడం. మొదటిరోజు ఎవరైనా వస్తారా అని బెంగపడ్డాం. తీరా చూస్తే ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. అయితే అ ఆలు వద్దన్నారు. "గవన్ని మాకెందుకక్కా, 'రేపు రా' అని రాసుడు నేర్పుండ్రి, సాలు" అన్నారు. మా వెంట వచ్చిన ఇంగ్లీషు మేడంకి కళ్లు చెమర్చాయి. "చదువంటే ఎంత ఆకలో చూడండి" అంది. పలకల మీద అవే రెండు మాటలు దిద్దించి, అడిగినవాళ్లకు అడిగినన్ని సుద్దముక్కలిచ్చి పంపాం. ఆ రెండు మాటలే ఎందుకని మాలో ఒక్కరమూ అడగలేదు. సేవ చేసేవాళ్లకు అడిగే అలవాటు తక్కువ.

ఆ రోజు నా పక్కన దిద్దింది చివరింటి కోడలు. నా ఈడుదే. మొగుడు దుబాయిలో ఉన్నాడు, అత్త కూతురి కాన్పుకని నస్రుల్లాబాద్ పోయింది. ఒళ్లోని పసిపిల్ల ఒళ్లు పెనంలా కాలుతోంది. "పొద్దుగూకే బస్సుకు ఎల్లారెడ్డి దవాఖానకు పోదం, నేనొచ్చి తీస్కపోత, తయారుండు" అన్నాను. "మీరే వస్తరు గద అక్కా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

పొద్దుగూకేసరికి కరెంటు పోయింది. నీళ్ల మీదనుంచి లేచిన మంచు మెల్లగా వీధుల్లోకి వచ్చేసింది. బస్సును ఆపి ఉంచడానికి, మేమంతా బెల్లం అని పిలుచుకునే నా స్నేహితురాలు చెరువు కట్ట మీది రోడ్డుకు పరుగెత్తింది. నేనొక్కదాన్నే ఊళ్లోకి నడిచాను. వీధిలో కుక్క కూడా లేదు. ప్రతి తలుపూ మూసి ఉంది, ప్రతి తలుపు మీదా సుద్దతో 'రేపు రా'. మేమిచ్చిన సుద్దముక్కలే, మేము నేర్పిన వంకరటింకర అక్షరాలే. మధ్యాహ్నం నేను చెయ్యి పట్టి దిద్దించినవాళ్లను పేరు పేరునా పలకరించుకుంటూ పోయాను. ఒక్కరూ పలకలేదు. ఒక తలుపు వెనక మాత్రం ఎవరో ఊపిరి బిగబట్టారు.

చివరింటి తలుపు కొట్టి కోడలిని పేరు పెట్టి పిలిచాను. లోపల పిల్ల ఏడుపు నోరు మూసినట్టు ఆగిపోయింది.

"పో," అంది లోపలి గొంతు. "రాసిన గద. రేపు రా."

"నేనే. నీకు రాసుడు నేర్పిన అక్కను."

"అది గట్లనే అంటదట. తెల్లచీర కట్టుకొని, ఎరికున్నోళ్ల గొంతుతోని, పేరు వెట్టి పిలుస్తదట. తలుపు తీస్తే పానం తీస్కపోతదట. రాసిపెడితే సదువుకొని వాపసు పోతదట."

నా చీర నేను చూసుకున్నాను. తెల్లచీర కట్టి, ఆ వేళప్పుడు పేర్లు పిలుచుకుంటూ ఊరంతా తిరిగింది నేనే. అయినా ఆ పిల్ల జ్వరం గుర్తొచ్చి వాదానికి దిగాను. "నేను దయ్యాన్నయితే సదివి పోయేదాన్ని గద. ఇంక ఈడనే ఉన్న. అంటే దయ్యాన్ని కాదు."

"దానికి సదువు రాకుంటే?"

డిగ్రీలో నాకు తర్కశాస్త్రం ఒక సబ్జెక్టు. ఈ ప్రశ్నకు జవాబు అందులో లేదు. కట్ట మీద బస్సు హారన్ మోగింది. ఏడ్చే ఓపిక కూడా అయిపోయినట్టు పిల్ల సన్నగా మూలిగింది. బస్సు పోతే తెల్లారేదాకా మరొకటి లేదు. అప్పుడు తలుపు సందులోంచి మెల్లగా వినిపించింది. "అక్కా, నీ ఎన్క నిలవడ్డది ఎవరు?"

తిరిగి చూశాను. మంచులో, వీధి మలుపు దగ్గర, ఒక తెల్లచీర. ముఖం కనిపించలేదు, కదలలేదు. సంఘాన్నీ ప్రమాణాన్నీ అక్కడే వదిలేసి "అవ్వా" అని అరిచి తలుపుకు కరుచుకుపోయాను. తలుపు తెరుచుకుంది. ఒక చెయ్యి నా రెక్క పట్టి లోపలికి లాగింది. ధైర్యం తెచ్చుకుని మళ్లీ చూస్తే బయట వట్టి మంచే ఉంది.

పిల్లను నా కొంగులో చుట్టుకుని, చేయీ చేయీ పట్టుకుని ఇద్దరం కట్ట మీదికి పరుగెత్తాం. బస్సు అక్కడే ఉంది. మంచులో తెల్లచీరతో రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ బెల్లాన్ని చూసి, డ్రైవరుకు ముందుకు పోవడానికీ ధైర్యం చాలలేదట, దిగి ఎవరని అడగడానికీ చాలలేదట. హారన్ కొడుతూ కూర్చున్నాడు. ఎల్లారెడ్డిలో డాక్టరు సూది వేసి, తెల్లారేదాకా ఆగి ఉంటే పిల్ల దక్కేది కాదన్నాడు. శిబిరానికి వచ్చాక అందరినీ అడిగాను. ఆ సాయంత్రం చివరింటి వైపు మావాళ్లెవరూ రాలేదట.

చాలా ఏళ్లకు కామారెడ్డి బస్టాండులో ఎవరో నా భుజం తట్టారు. చివరింటి కోడలు. పక్కన ఆమెకంటే పొడుగెదిగిన కూతురు. బస్సు బోర్డు మాత్రం తల్లే చదువుకుంటోంది. (మిగిలిన అక్షరాలు కూడా ఆ తర్వాత నేర్చుకుందట.) ఇన్నేళ్లూ నన్ను తొలిచిన మాట అడిగేశాను. "ఆ దినం నా ఎన్క ఎవరిని చూసినవ్?"

పకపకా నవ్వింది. "ఎవల్లేరక్కా. సందులకెల్లి నువ్వే సక్కగ కనవడలే. దయ్యానికి భయముండది గద, నువ్వు భయపడ్తవా లేదా అని గట్ల అన్న. నువ్వు అవ్వా అని మొత్తుకున్నవ్, తీసిన."

నేనూ నవ్వాను. నేను చూసింది మాత్రం ఆమెకు చెప్పలేదు. దీపం ముందు అంత ధీమాగా చెయ్యి చాపిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. ఆ చీర ఇంకా బీరువాలోనే ఉంది. చలికాలం పొద్దుగూకాక బయటినుంచి ఎవరైనా నా పేరు పెట్టి పిలిస్తే నేను లేవను. "ఎవరో పిలుస్తుంటే పలకవేంది?" అంటారు మావారు.

"రేపొస్తరు తియ్యండి" అంటాను.