చిన్నాయన జ్వరానికి మా ప్రార్థన

ఈ పొద్దు ఆరాధనలో పాస్టరుగారు మా చిన్నాయన పేరు చెప్పి, "జ్వరంతో లేవలేకుండా ఉండాడంట, ప్రార్థన చేద్దాం" అన్నారు. చర్చి అంతా మోకరించినాం. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగినాయి.

మా వాగుకు అడ్డంగా చెక్‌డ్యాం కట్టి, ఎగువన మెట్ట చేలకు నీళ్లిస్తామని వాటర్‌షెడ్ ఆఫీసర్లు ఆత్మకూరు నుంచి వచ్చి పోతా ఉండారు. కట్టే ముందు గ్రామసభ పెట్టి, దిగువన బావులకు, చెరువుకు ఏమన్నా నష్టమా అని అడగాల. దిగువనుండే మా పాలెం తరఫున గట్టిగా మాట్లాడతాడని చిన్నాయన్ని ఊరి వాటర్‌షెడ్ కమిటీలోకి పంపినాం. ఆయన కొత్తగా కొన్న చేను ఎగువన ఉండాదని తెలిసీ పంపినాం, మనోడే కదా అని.

చర్చి నుంచి వస్తా ఉంటే బడి దగ్గర షామియానా విప్పతా ఉండారు. గ్రామసభ అయిపోయిందంట. నష్టం ఉందని ఒక్కరూ అనలేదంట. ఎవరంటారు? పాలెమంతా చర్చిలో ఉంటిమి! చిన్నాయన మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసర్లకు టీ అందిస్తా ఉండాడు.

"ఆదివారం పొద్దున సభ పెట్టమనింది ఎవరు చిన్నాయనా?" అన్నాను.

"నేనే. ఆ పూటైతే గొడవుండదు కదరా."

"పాలెంలో బావులు ఎండిపోతే?"

"దేవుడుండాడులే."

మీ ఊళ్లో ఇట్టాంటి సభలు ఏ పూట పెడతారో కాస్త చెప్పండి. మా ప్రార్థన ఇంత తొందరగా పనిచేస్తుందని తెలిసుంటే, ఆయన జ్వరం పక్కనబెట్టి బావుల కోసమే చేసుండేవాళ్లం.